ఏడో నంబరు గది పైకప్పు

మా యూనివర్సిటీలో గంటంటే అరవై నిమిషాలని ఎవరైనా అన్నారంటే వాళ్లు కొత్తగా చేరినవాళ్లన్నమాట. అరవై నిమిషాల గంట గేటు బయట. గేటు లోపల గంటలు మూడు రకాలు. పాఠం చెప్తే గంటకి గంటే. లాబులో చేతులాడిస్తే రెండు గంటలు కలిపి ఒక గంట. కొండకో పొలానికో తీసుకెళ్లి చూపిస్తే దాన్ని క్షేత్రబోధన అంటారు, అది మూడు గంటలైతే గానీ ఒక గంట కాదు. ఇలాంటి గంటలు పదిహేను పోగైతే ఒక క్రెడిట్టు, క్రెడిట్లు నూట ఇరవై పోగైతే డిగ్రీ. ఇందులో నాకేం పేచీ లేదు. గణాంకశాస్త్రం చెప్పుకునేవాణ్ని, అంకెలంటే గౌరవం ఉన్నవాణ్ని.

పేచీ అల్లా పైకప్పుతో వచ్చింది.

ఏది పాఠమో ఏది క్షేత్రమో తేల్చడానికి నిపుణులంతా రెండేళ్లు కూచుని ‘క్రెడిట్ నిర్వచనావళి’ అని ఎనభై ఆరు పేజీల పుస్తకం తయారు చేశారు. అందులో నాలుగో ప్రకరణం ఇలా ఉంటుంది: “పైకప్పు గల ప్రదేశమున జరుగు బోధన ఉపన్యాసముగాను, పైకప్పు లేని ప్రదేశమున జరుగు బోధన క్షేత్రబోధనగాను పరిగణింపబడును.” మొదటిసారి చదివినప్పుడు బాగానే రాశారనుకున్నాను. మా ఏడో నంబరు గది ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

ఏడో నంబరు గదికి నాలుగు గోడలున్నాయి, తలుపుంది, గడియ ఉంది, నల్లబల్ల ఉంది. కప్పు లేదు. అక్టోబరు తుపానుకి రేకులు లేచిపోయి కెమిస్ట్రీ వాళ్ల సైకిల్ స్టాండు మీద పడ్డాయి. వెనక మూలన రెండు రేకులు మాత్రం మిగిలాయి. ఇంజనీరింగ్ సెక్షన్‌కి ఉత్తరం రాశాను. “పరిశీలనలో ఉన్నది” అని జవాబొచ్చింది. ఇంకోటి రాశాను. మొత్తం ఏడు రాశాను. ఈలోగా సిలబస్ ఆగదు కదా, ఆకాశం కిందే సంభావ్యత చెప్పుకుంటూ పోయాను. ఎండొస్తే పిల్లలు నోటుపుస్తకాలు నెత్తిన పెట్టుకునేవారు, వానొస్తే గొడుగులు తీసేవారు. గోడల మీద కాకులు కూచుని వినేవి. వాటి హాజరు మా వెనక బెంచీల కంటే నయం.

మే నెల ఇరవయ్యో తారీకున గొర్లె పైడితల్లి నా దగ్గరికొచ్చింది. మూడేళ్లూ మొదటి బెంచీలో మొదటి సీటు ఆ పిల్లది. సంభావ్యతలో వందకి తొంభై ఒకటి. సెలవులిస్తే వాళ్ల ఊరి జీడిపప్పు షెడ్డుకెళ్లి గింజలు కొడుతుంది, జీడిరసం తగిలి వేళ్లన్నీ నల్లగా ఉంటాయి. ఆ వేళ్లతో మార్కుల లిస్టు నా బల్ల మీద పెట్టింది.

“మేస్టారూ, నూట పద్దెనిమిదే వేశారండి. రెండు క్రెడిట్లు తక్కువంట. డిగ్రీ ఇవ్వరంట.”

“ఎక్కడో తప్పు పడుంటుందిలే అమ్మా. దిద్దిస్తాను.”

“ఉద్యోగం వచ్చింది కదండీ, విశాఖపట్నం ఆసుపత్రిలో, రోగుల లెక్కలు కట్టే ఉద్యోగం. జూన్ పదిహేనులోపు డిగ్రీ కాయితం చూపించకపోతే వెనకాల లిస్టులో ఉన్నోళ్లకి ఇచ్చేస్తారంట. మరేటి సెయ్యమంటారండీ?”

“ఏం చెయ్యక్కర్లేదు, నేనున్నాను,” అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

అకడమిక్ సెక్షన్ సూపరింటెండెంటు జగ్గారావు పట్నాయక్. ముప్పై ఏళ్ల సర్వీసు, నిర్వచనావళి అంతా నోటికొచ్చు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు మాటలని లేచొచ్చేవాణ్ని.

“తప్పేం లేదండి మేస్టారూ,” అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ. “సంభావ్యత నాలుగు క్రెడిట్ల పేపరు, అరవై గంటలు. తుపానుకి ముందు పదిహేను గంటలు కప్పు కింద చెప్పారు, ఒక క్రెడిట్టు. తర్వాత నలభై ఐదు గంటలు ఆరుబయట చెప్పారు. క్షేత్రబోధన కదా, మూడోవంతు. అదొక క్రెడిట్టు. ఒకటీ ఒకటీ రెండు. నాలుగులో రెండు పోతే రెండు తక్కువ. లెక్కల మేస్టారు, మీకు నేను చెప్పాలా?”

“ఆరుబయట ఏమిటయ్యా? గదిలో చెప్పాను. నాలుగు గోడలున్నాయి.”

“గోడల ప్రస్తావన నిర్వచనంలో లేదండి.”

“అక్టోబరులో చెప్పిన పాఠాన్ని డిసెంబరులోనూ అలాగే చెప్పాను. అదే నోరు, అదే సుద్దముక్క.”

“కప్పు మారింది కదండీ,” అన్నాడు ఎంతో ఓపిగ్గా.

నాకు ఒళ్లు మండింది. పరిశీలనకి రమ్మని పట్టుబట్టాను. మూడో రోజుకల్లా టేపు పట్టుకుని వచ్చాడు పాపం. గది కొలిచాడు, మిగిలిన రెండు రేకులూ చూశాడు, వాటి నీడ కొలిచాడు, ఆ కింద మూడు సీట్లు పడతాయని తేల్చాడు. సీటింగ్ ప్లాను తిరగేసి ఆ సీట్లలో కూచునే ముగ్గురి పేర్లూ రాసుకున్నాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఏడాదంతా గోడకి జారబడి గుర్రుపెట్టినవాళ్లు. ముగ్గురూ కప్పు కింద ఉన్నారు కనక ఉపన్యాసమే విన్నట్టు లెక్క, నాలుగు క్రెడిట్లూ ఇచ్చేశాడు.

“మరి నేను నల్లబల్ల దగ్గర నిలబడ్డాను గదయ్యా. నా నెత్తి మీద కప్పు లేదు. నేను చెప్పింది క్షేత్రబోధనైతే వాళ్లకది ఉపన్యాసం ఎలా అయింది?”

“పాఠం బయల్దేరిన చోటు కాదండీ, చేరిన చోటు ముఖ్యం,” అన్నాడు టేపు చుట్టుకుంటూ. అక్కడికి నాకే సిగ్గేసింది, ఇన్నేళ్లు చెప్తూ ఈ ముక్క తెలుసుకోనందుకు.

ఇక డీన్ గారి దగ్గరికెళ్లాను. ప్రొఫెసర్ నిష్ఠల సోమయాజులు గారు పాఠ్యక్రమ మదింపు విభాగానికి డీన్. ఆయన మామూలుగా మాట్లాడగా విన్నవాళ్లు మా యూనివర్సిటీలో లేరు.

“చూడండి, బోధన అనేది ఒక పరివేష్టిత ప్రక్రియ,” అని మొదలుపెట్టారు. “పైకప్పు అనగా కేవలం రేకులు కాదు. జ్ఞానము ఊర్ధ్వముఖంగా వ్యయం కాకుండా నిలువరించే వ్యవస్థ. అది లేనిచోట మూడింట రెండు వంతులు గగనమునకు పోవునని నిపుణులు నిర్ధారించియున్నారు.”

“గగనానికి పోతే ఆ పిల్లకి తొంభై ఒకటి ఎలా వచ్చాయండీ?”

“అది పరీక్షల విభాగము వారిని అడగవలసిన విషయము.”

నా చేతిలో మిగిలిన ఆయుధం ఒక్కటే. వానాకాలం పాఠాల్లో పైడితల్లి గొడుగు వేసుకుంది. గొడుగు కప్పు కాదా? అని అర్జీ రాసిచ్చాను. డీన్ గారి మొహం వెలిగిపోయింది. అంత సంతోషం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. అప్పటికప్పుడు ‘ఛత్ర పరిశీలక ఉపసంఘం’ వేసేశారు. ముగ్గురు సభ్యులు, ఒక కన్వీనరు, రెండు నమూనా గొడుగులు.

ఉపసంఘం వారం రోజులు కూచుంది. జూన్ రెండున తీర్పొచ్చింది, నాలుగు పేజీలు. సారం ఏమిటంటే గొడుగు తాత్కాలిక పైకప్పేనట. అక్కడిదాకా చదివి లేచి నిలబడ్డాను కూడాను. తర్వాత వాక్యం: “అయితే గొడుగు పట్టుకొనుట యందు విద్యార్థి హస్తము నిమగ్నమై యుండును గనుక సదరు బోధన ప్రయోగశాల తరగతిగా పరిగణింపబడును.” అంటే రెండు గంటలకి ఒక గంట. వాన పడినవి తొమ్మిది గంటలు. అంతా కూడి తీసేస్తే పైడితల్లికి పెరిగింది క్రెడిట్టులో పదో వంతు.

“ఒకటీ పాయింటు తొమ్మిది తక్కువండి ఇప్పుడు,” అన్నాడు పట్నాయక్ మెచ్చుకోలుగా. “బాగా పోరాడారు.”

“ఆ పిల్ల నోట్సు రాసుకునేది. వానొస్తే వెనక బెంచీ అమ్మాయి ముందుకొచ్చి పక్కన కూచుని గొడుగు పట్టుకునేది.”

“అలాగైతే ఆ పిల్లది ఉపన్యాసం, గొడుగు పట్టిన అమ్మాయిది ప్రయోగశాల. ఆ అమ్మాయి రాసి సంతకం పెడితే వేసుకుంటాను. కానీ ఆ అమ్మాయికి ఇప్పుడు సరిగ్గా నూట ఇరవై ఉన్నాయండి, సీటింగ్ ప్లానులో రేకుల నీడలో పడింది. ముందుకొచ్చి గొడుగు పట్టానని రాసిస్తే ఆ తొమ్మిది గంటలూ సగమైపోయి ఆ అమ్మాయి డిగ్రీ ఆగిపోతుంది. అడగమంటారా?”

అడగొద్దన్నాను.

ఈ తీర్పు మాకు పనికి రాలేదు గానీ మిగతా యూనివర్సిటీకి ప్రాణం పోసింది. విద్యార్థి తన చేత్తో పట్టుకున్నది కాకపోతే చాలు, ఎలాంటి కప్పు కింద చెప్పినా అది ఉపన్యాసమే అని అందరికీ అర్థమైపోయింది. మూడోరోజుకి జియాలజీ వాళ్లు షామియానా అద్దెకి తెచ్చుకుని కొండెక్కారు. నలుగురు కూలీలు నాలుగు రాటలు పట్టుకుని ముందు నడుస్తుంటే, ఆ నీడలో పిల్లలు రాళ్లు కొడుతూ వెళ్లారు. మూడు రోజుల కొండ ఒక్కరోజులో అయిపోయింది. వ్యవసాయం వాళ్లు వరినారు మీద పందిరి వేసి ఊడుపులు నేర్పారు. నారు పసుపు పచ్చగా పాలిపోయింది గానీ క్రెడిట్లు నిండుగా వచ్చాయి. మత్స్యశాస్త్రం వాళ్లు పడవ మీద తాటాకు గుడిసె కట్టుకుని సముద్రంలోకెళ్లారు, లోపల కూచున్నవాళ్లకి చేపలు కనపడలేదట. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆన్‌లైన్ పాఠాల వాళ్లకి ఇంకో సర్క్యులరు వచ్చింది. విద్యార్థి ఇంటి పైకప్పు ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి. స్లాబు వేసిన ఇల్లైతే పూర్తి గంట, పెంకుటిల్లైతే ముప్పాతిక, తాటాకైతే సగం. తాటాకింటి పిల్లలు నలుగురైదుగురు పక్కవాళ్ల డాబా ఫొటో పెట్టారని తెలిసి, ఇళ్లకెళ్లి నిచ్చెన వేసి చూసి రావడానికి ఇద్దరు అధ్యాపకుల్ని నియమించారు. వాళ్లు నిచ్చెన మీద గడిపే గంటలు దేని కింద రాయాలో ఇంకా తేలలేదు.

నేనూ ఊరుకోలేదు. షామియానా వేయించి ముప్పై గంటల పాఠం మళ్లీ చెప్పేస్తానన్నాను. పట్నాయక్ పుస్తకం తియ్యకుండానే చెప్పాడు: ఒకసారి బోధించిన పాఠం అదే విద్యా సంవత్సరంలో పునర్బోధించరాదు, జూలైలో కొత్తగా రిజిస్టరు చేసుకోవాలి. పోనీ అనుకున్నా ఊళ్లో షామియానాలన్నీ జియాలజీ వాళ్లే పట్టుకుపోయారు.

జూన్ తొమ్మిదిన పైడితల్లి మళ్లీ వచ్చింది. మొహంలో ఏడుపు లేదు, కోపమూ లేదు. కుర్చీ చూపిస్తే కూచోలేదు.

“ఊరెళ్లిపోతున్నానండి మేస్టారూ. షెడ్డు యజమాని రమ్మన్నాడు.”

“ఇంకా ఆరు రోజులున్నాయమ్మా.”

“ఆరు రోజులుంటే ఏటవుద్దండీ? ఇరవయ్యారు రోజులున్నప్పుడే ఏటీ అవలేదు.” గుమ్మం దాకా వెళ్లి ఆగింది. “షెడ్డుకి పైకప్పుందండి. అక్కడ గంటకి గంటే లెక్క.”

ఎకసెక్కం కాదది. ఆ పిల్ల ఉన్నమాట చెప్పింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టైంది. రెండు మెట్లు ఒక్కసారి ఎక్కుతూ అకడమిక్ సెక్షన్‌కి వెళ్లాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ముప్పై ఏళ్లలో సూపరింటెండెంటు గారిని ఎవరూ అన్ని మాటలనుండరు. ఆయన అంతా విని, లేచెళ్లి తలుపేసి వచ్చి కూచున్నాడు.

“మేస్టారూ, ఒక్క మాట అడుగుతాను. ఏడో నంబరు గదికి కప్పు లేదని ఈ ఆఫీసుకి ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పడమేమిటి? కళ్లుంటే కనపడుతుంది.”

“కళ్లు ఫైల్లో ఉండవండీ. తుపాను నష్టం జాబితాలో మీ గది లేదు. ఇంజనీర్లు వచ్చి చూడలేదు. నేను టేపుతో కొలిచింది సీట్ల లెక్కకి, అది వేరే ఫైలు, చింపెయ్యొచ్చు. ఉపసంఘం తీర్పులో గొడుగుందే గానీ మీ గది పేరు లేదు. కప్పు ఎగిరిందనడానికి ఈ యూనివర్సిటీలో ఉన్న సాక్ష్యం ఒక్కటే.” సొరుగులోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఇంజనీరింగ్ సెక్షన్‌కి నేను రాసిన ఏడు ఉత్తరాలు, అక్కణ్నుంచి ఇక్కడికి పంపినవి. “ఇవి పొరపాటున రాశానని మీరొక్క ముక్క రాసిస్తే కప్పు ఎగిరినట్టే కాదు. ఆ పిల్లతో సహా క్లాసంతా అరవై గంటలూ కప్పు కిందే కూచున్నట్టు. సాయంత్రానికి నూట ఇరవై వేయిస్తాను.”

“అలా రాస్తే కొత్త కప్పు వేస్తారా?”

“ఉన్నదానికి మళ్లీ ఎందుకు వేస్తారండీ?”

ఏడు ఉత్తరాలు! అందులో ఏడోది ఇంజనీరింగ్ సెక్షన్ నుంచి కదిలి మంజూరు దాకా వెళ్లిందని మార్చిలోనే విన్నాను. రేపో మాపో రేకులు వస్తాయని జూనియర్ పిల్లలకి చెప్పేశాను కూడా. పట్నాయక్ తెల్ల కాగితం నా వైపు జరిపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు.

రాశాను. “ఏడవ నంబరు గది పైకప్పు యథాతథముగా ఉన్నదనియు, లేదని నేను గతంలో వ్రాసిన ఏడు లేఖలూ పరిశీలనా లోపము వలన వ్రాసినవనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.” నా చేత్తోనే, నా అక్షరాలతోనే. గణాంకశాస్త్రం చదివినవాణ్ని, ఇరవై రెండేళ్లు పిల్లలకి ఉన్నది ఉన్నట్టు లెక్క రాయమని చెప్పినవాణ్ని. రెండు కాగితాలు చింపి మూడోదాని మీద గానీ రాయలేకపోయాను, ఆ మాట దాచుకోను.

జూన్ పదమూడున పైడితల్లి చేతికి డిగ్రీ కాగితం వచ్చింది. బస్టాండు నుంచి ఫోను చేసింది. “ఏటి సేసారండీ మేస్టారూ? కప్పు కింద కూకున్నానని మార్కుల లిస్టులో ఎవరు రాశారండీ?” అంది. యూనివర్సిటీ వాళ్లే తప్పు దిద్దుకున్నారని చెప్పాను. “మరి జూనియర్లకి?” అంది. వాళ్లకీ ఇక గంటకి గంటేనని చెప్పాను. అదొక్కటే నేను ఆ రోజు చెప్పిన నిజం. పదిహేనో తారీకున ఆ పిల్ల ఉద్యోగంలో చేరింది.

పద్దెనిమిదిన నాకు మెమో వచ్చింది. ఉన్న పైకప్పును లేదని ఏడుసార్లు వ్రాసి అధికారుల విలువైన సమయాన్ని వృథా చేసినందుకు సంజాయిషీ కోరుతూ, ఏడో నంబరు గది మరమ్మతు ఫైలు శాశ్వతంగా మూసివేసినట్టు తెలియజేస్తూ. డీన్ గారు కనపడి భుజం తట్టారు. “సత్యమును అంగీకరించుటకు ధైర్యము కావలె,” అన్నారు.

జూలై మొదటివారంలో కొత్త బ్యాచ్‌కి ఏడో నంబరు గదిలో పాఠం మొదలుపెట్టాను. రెండో రోజు కరెంటు పని చూసే దాలయ్య గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీద ఒక సీలింగ్ ఫ్యాను, చంకలో ఇంకొకటి.

“పైకప్పున్న గదులన్నిటికీ రెండేసి ఫ్యాన్లు ఇచ్చారండి మేస్టారూ. లిస్టులో మీ గదుంది.” లోపలికొచ్చి తలెత్తి పైకి చూశాడు. మళ్లీ లిస్టు చూశాడు. “వీటిని ఏటికి తగిలించమంటారండీ?”

“దేనికీ తగిలించకు. బీరువాలో పెట్టు.”

“బిగించినట్టు, తిరుగుతున్నట్టు మీ సంతకం కావాలండి. లేకపోతే నా మీదకొస్తాది.”

అతనికీ పిల్లలున్నారు. “బిగించబడినవి, సవ్యంగా తిరుగుచున్నవి” అని రాసి సంతకం పెట్టాను. ఈసారి ఒక్క కాగితమూ చింపలేదు.

దాలయ్య వెళ్లిన పది నిమిషాలకి మబ్బు పట్టి వాన మొదలైంది. పెద్ద చినుకులు. పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని లేచారు, వరండాలోకి వెళ్దామని. ఎదురుగా వరండాలో ఎవరో ఉపసంఘం వాళ్లు ఫైళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, వాన వెలిశాక ఎక్కడికో వెళ్లడానికి. ఇటే చూస్తున్నారు.

క్లాసుకి క్లాసే వానకి లేచి పరిగెత్తితే ఈ గదికి కప్పు లేదని తేలిపోతుంది. తేలితే నా కాగితం అబద్ధం, పైడితల్లి రెండు క్రెడిట్లూ మళ్లీ గగనానికి. విశాఖపట్నంలో ఆ పిల్ల ఇప్పుడే ఏదో వార్డులో రోగుల లెక్క కూడుతూ ఉంటుంది.

“కూచోండి,” అన్నాను.

“వానండీ సార్,” అన్నాడు ముందు బెంచీ అబ్బాయి, నా కళ్లు కనపడవేమోనన్నట్టు.

“ఎక్కడ వాన? కూచోండి అందరూ!” అని గట్టిగా కసిరాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అచ్చం అకడమిక్ సెక్షన్ గొంతు.

ఒకరి మొహం ఒకరు చూసుకుని కూచున్నారు. నా అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి, సుద్దముక్క చేతిలో ముద్దయిపోయింది, సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఏం చెయ్యాలో తోచక హాజరు పుస్తకం తెరిచి, కాగితం తడవకుండా మీదకి వంగి పేర్లు పిలిచాను. నలభై ఒక్కమంది. తడిసిపోతూనే ఒక్కొక్కరే లేచి నిలబడి, “ప్రెజెంట్ సార్,” అన్నారు.